సుదూర విమాన ప్రయాణంలో మూడ్ ఎందుకు పాడవుతుంది, ఏం చేస్తే బాగుపడుతుంది

పన్నెండు, పద్నాలుగు గంటల విమానం ఎక్కినవాళ్లలో చాలామందికి మొదటి మూడు నాలుగు గంటలు హాయిగానే గడిచిపోతాయి. భోజనం వస్తుంది, ఓ సినిమా అయిపోతుంది, కిటికీలోంచి కాసేపు మేఘాలు చూస్తాం. ఇబ్బందంతా ఆ తర్వాతే. లైట్లు ఆర్పేశాక, ఏ ఏడో గంటలోనో, చెప్పుకోదగ్గ కారణమేమీ లేకుండానే చిరాకు మొదలవుతుంది. ముందు సీటాయన కాస్త వెనక్కి వాలితే కోపం వస్తుంది. పక్కవాళ్ల మోచెయ్యి తగిలినా ఒళ్లు మండుతుంది. ఇంకా ఎంతసేపు ఉందో తెర మీద చూసుకుంటే నీరసం ముంచుకొస్తుంది. కొందరికి ఉన్నట్టుండి ఏడుపు కూడా వస్తుంది.

అలాంటప్పుడు ఎవరైనా చెప్పేది ఒకటే మాట, పాజిటివ్‌గా ఉండమని. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే గానీ ఆ సలహాతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఆ చిరాకులో ఎక్కువ భాగం శరీరం నుంచి వస్తోంది. పలచని గాలి, పొడితనం, ఆగని హోరు, కదలిక లేని కాళ్లు, వేళ తప్పిన నిద్ర, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. వాటి అలసట మనసుకు దిగులుగానో కోపంగానో భయంగానో తెలుస్తుంది. అందుకని మనసును బుజ్జగించే ముందు, ఈ క్షణాన ఇబ్బంది పెడుతున్నది వీటిలో ఏదో పోల్చుకోవాలి. పోల్చుకోగలిగితే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. ఎందుకంటే వీటిలో దాదాపు ప్రతిదానికీ సీట్లో కూర్చునే చేయగలిగింది ఏదో ఒకటి ఉంది.

పలచని గాలి, పొడి గాలి

విమానం ఎగిరేది 35,000 నుంచి 40,000 అడుగుల ఎత్తున. అక్కడి గాలిలో మనిషి సరిగ్గా ఆలోచించగలిగేది ఒక్క నిమిషం లోపే. అందుకే బయటి గాలిని ఒత్తిడి పెంచి క్యాబిన్‌లోకి పంపిస్తారు. అయితే లోపలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. మామూలుగా నడిచే విమానంలో క్యాబిన్ ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తులో ఉండేదానికంటే తగ్గకూడదని భద్రతా నియమాలు చెబుతాయి. అంటే మనం కూర్చున్నచోట గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు నాలుగింట మూడొంతులే. ఇంకా పెంచవచ్చు కదా అనిపిస్తుంది. లోపలికీ బయటికీ ఒత్తిడిలో తేడా పెరిగేకొద్దీ విమానం గోడల మీద భారం పెరుగుతుంది, వాటిని ఇంకా బలంగా, ఇంకా బరువుగా కట్టాల్సి వస్తుంది. కార్బన్ ఫైబర్‌తో చేసిన బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త విమానాల్లో క్యాబిన్‌ను 6,000 అడుగుల స్థాయిలో ఉంచుతున్నారు. టికెట్ కొనేటప్పుడు ఏ రకం విమానమో కూడా కనిపిస్తుంది. ధర, వేళ రెండూ ఒకేలా ఉంటే నేనైతే వీటినే ఎంచుకోమంటాను.

ఈ ఒత్తిడి వల్ల జరిగేదేమిటంటే, నేల మీద 96 నుంచి 99 శాతం దాకా ఉండే రక్తంలోని ఆక్సిజన్ ఆరోగ్యవంతుల్లో కూడా 90 శాతానికి కాస్త పైకి దిగుతుంది. ప్రమాదమేమీ లేదు, శరీరం సర్దుకుంటుంది. కానీ ఆ సర్దుబాటు ఊరికే జరగదు. ఆవలింతలు, తల బరువు, చదువుతున్న పేజీ మీద దృష్టి నిలవకపోవడం, చిన్న విషయానికే విసుక్కోవడం, వీటన్నిటి వెనకా కొంత ఇదీ ఉంటుంది. అందువల్ల విమానంలో ముఖ్యమైన నిర్ణయాలు పెట్టుకోవద్దు. ఉద్యోగం మానేయాలా, ఎవరికో రాసిన ఘాటైన ఈమెయిల్ పంపాలా లాంటివి నేల మీదికి దిగాకే తేల్చుకోవచ్చు. ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్లు మాత్రం ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడగాలి. కావాలంటే ఆక్సిజన్ ఏర్పాటు కోసం విమాన సంస్థకు ముందుగానే చెప్పుకోవాల్సి ఉంటుంది.

ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది. ఇది కళ్లారా చూడాలంటే ఒక పని చేయండి. పైన ఎగురుతున్నప్పుడు నీళ్లు తాగేసిన ప్లాస్టిక్ సీసాకు మూత గట్టిగా బిగించి సీటు జేబులో పెట్టుకోండి. విమానం దిగేసరికి ఎవరో పిడికిట్లో నలిపినట్టు సొట్టపోయి ఉంటుంది. పైన నిండిన పలచని గాలిని కింది గాలి నొక్కేసిందన్నమాట. పైకి వెళ్లేటప్పుడు ఇదే తిరగబడి మన పొట్టలో జరుగుతుంది. పేగుల్లోని గాలి మూడో వంతు దాకా ఉబ్బుతుంది. నడుం దగ్గర బిగుతుగా ఉన్న ప్యాంటు నాలుగో గంటకు నరకంలా అనిపించడానికి కారణం ఇదే. వదులు బట్టలు వేసుకుని, గ్యాస్ నింపిన కూల్‌డ్రింకులు తగ్గించి, ఎక్కబోయే ముందు కడుపునిండా తినకుండా ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక పొడితనం. ఆ ఎత్తున బయట ఉష్ణోగ్రత సున్నాకు 50 డిగ్రీలు దిగువన ఉంటుంది. అంత చల్లని గాలిలో తేమ దాదాపు ఉండదు. క్యాబిన్‌లోకి వచ్చే గాలిలో సగం అదే కాబట్టి లోపల తేమ 10 నుంచి 20 శాతం మధ్య, ఒక్కోసారి అంతకంటే తక్కువ ఉంటుంది. ముక్కు ఎండిపోతుంది, కళ్లు మండుతాయి, పెదాలు పగులుతాయి. ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది. పొడి గాలి వల్ల ఒంట్లో నీరంతా ఇంకిపోతుందని, లీటర్లకు లీటర్లు తాగాలని చెబుతుంటారు. నిజానికి ఊపిరితో, చర్మంతో అదనంగా పోయే నీరు కొంచెమే. ఎండిపోయేది ఎక్కువగా పైపొరలు. దాహానికి తగ్గట్టు, గంటకో రెండు గంటలకో కాసిని నీళ్లు తాగితే సరిపోతుంది. పైపొరలకు కావలసింది పైపూతే. ముక్కులోకి సెలైన్ చుక్కలు, కళ్లకు లూబ్రికెంట్ చుక్కలు, పెదాలకు లిప్ బామ్, చేతులకు క్రీమ్ పెట్టుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు పెట్టుకుంటే వచ్చే సుఖం ఇంకే ఉపాయంతోనూ రాదు.

విమానంలో తిండి చప్పగా ఉండటానికీ ఈ వాతావరణమే కారణం. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు నేల మీదే విమానం లాంటి అల్పపీడన క్యాబిన్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి చూశారు. ఉప్పు, తీపి రుచులు బాగా తగ్గి తెలిశాయి. పులుపు అంతగా తగ్గలేదు. తిండి బాగాలేదని నొచ్చుకునే ముందు నాలుక కూడా ఆ పూట సగం పనే చేస్తోందని గుర్తుంచుకుంటే, వండినవాళ్ల మీద కాస్త జాలి కలుగుతుంది.

ఆగని హోరు

చాలామంది లెక్కలోకి తీసుకోని ఇబ్బంది శబ్దం. ఎగురుతున్న విమానంలో హోరు 80 డెసిబెల్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కిన కాసేపటికి మనకు అది వినిపించడం మానేస్తుంది, కానీ మెదడు దాన్ని వడకట్టే పని మానదు. పక్క మనిషి మాట వినడానికి, సినిమాలో సంభాషణ అందుకోవడానికి ప్రతిసారీ కాస్త శ్రమ పడుతూనే ఉంటుంది. పది గంటల తర్వాత వచ్చే అలసటలో దీని వాటా పెద్దది.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన అమర్ బోస్ 1978లో జ్యూరిచ్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. హోరులో సంగీతం సరిగ్గా వినపడలేదు. విమానం దిగేలోపే ఆ హోరును ఎలా రద్దు చేయవచ్చో లెక్కలు మొదలుపెట్టారు. ఇప్పుడు మనం నాయిస్ క్యాన్సెలింగ్ హెడ్‌ఫోన్స్ అని పిలుస్తున్నవి ఆ ఆలోచన లోంచి వచ్చినవే. చిన్న మైకు బయటి శబ్దాన్ని వింటుంది, సరిగ్గా దానికి ఎదురు తరంగాన్ని చెవిలోకి పంపి రెండూ కొట్టేసుకునేలా చేస్తుంది. ఇంజిన్ హోరు లాంటి ఎడతెగని మంద్ర శబ్దానికి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పసిపిల్లల ఏడుపు, పెద్దగా మాట్లాడుకునే గొంతులు మాత్రం పూర్తిగా పోవు. ఆ హెడ్‌ఫోన్స్ లేకపోతే బాధపడక్కర్లేదు. మెత్తని నురుగు ఇయర్‌ప్లగ్స్ చాలా చవక, సరిగ్గా పెట్టుకుంటే బాగా పనిచేస్తాయి. వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. సంగీతం ఏమీ పెట్టుకోకుండా ఉత్త నిశ్శబ్దం కోసం గంటసేపు వాడి చూడండి, మెడ నరాలు సడలడం మీకే తెలుస్తుంది.

మందు గురించి ఒక మాట

నిద్ర పడుతుందనే ఆశతో విమానంలో ఒకటి రెండు పెగ్గులు వేసుకునేవాళ్లు చాలామంది. జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనం దీని మీదే. యువకులైన ఆరోగ్యవంతుల్ని తీసుకుని, కొందరిని మామూలు గదిలో, కొందరిని విమానపు ఒత్తిడి ఉన్న గదిలో పడుకోబెట్టి, ఒక రాత్రి మందుతో, ఒక రాత్రి మందు లేకుండా కొలిచారు. మామూలు గదిలో, మందు లేకుండా నిద్రపోయినప్పుడు ఆక్సిజన్ 96 శాతానికి దగ్గరగా, గుండె నిమిషానికి 64 సార్లు కొట్టుకుంది. విమానపు ఒత్తిడిలో మందు తాగి పడుకున్నప్పుడు ఆక్సిజన్ 85 శాతానికి పడిపోయింది, గుండె 88 సార్లు కొట్టుకుంది. గాఢనిద్ర కూడా తగ్గింది. అంటే కళ్లు మూసుకున్నా లోపల శరీరం పరిగెడుతూనే ఉంది. విమానంలో తాగి పడుకుని లేచాక తల పగిలిపోతున్నట్టు, లోకం మీద కోపం వచ్చినట్టు ఉండటంలో ఆశ్చర్యమేముంది? గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ఇది విసుగుతో ఆగే వ్యవహారం కాదు. ఈ ఒక్క విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: విమానంలో నిద్ర కోసం తాగకండి.

కాళ్లు కదలాలి

కాళ్లలోని రక్తం గుండె వైపు పైకి ఎక్కడానికి పిక్కల కండరాలే ఆసరా. నడిచినప్పుడల్లా అవి బిగిసి సిరల్ని నొక్కుతాయి, రక్తం పైకి వెళ్తుంది. గంటల తరబడి మోకాళ్లు మడిచి కూర్చుంటే ఆ నొక్కుడు ఉండదు. సీటు అంచు తొడల కింద ఒత్తుకుని ఇంకా అడ్డుపడుతుంది. బూట్లు విప్పి పడుకుంటే పొద్దున తిరిగి పట్టకపోవడం అందుకే. రెండు పాదాలూ సమానంగా వాయడం మామూలే, దిగి నడిస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

భయపడాల్సింది సిరలో రక్తం గడ్డకట్టడం గురించి. దీన్ని ఎకానమీ క్లాస్ సిండ్రోమ్ అంటుంటారు గానీ తప్పు సీటు తరగతిది కాదు. బిజినెస్ క్లాసులో కదలకుండా పడుకున్నా, బస్సులో, రైల్లో, కారులో అలా కూర్చున్నా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు మించిన ప్రయాణం ఈ ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుంది. రెట్టింపు అనగానే గాభరా పడక్కర్లేదు. ఆరోగ్యవంతుల్లో అది సుమారు 6,000 మందిలో ఒకరికి వచ్చేంత. ఇదివరకు గడ్డలు కట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు, ఊబకాయం ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. బాగా పొడవున్నవాళ్లకూ, బాగా పొట్టివాళ్లకూ కూడా కాస్త ఎక్కువేనని ఆ పరిశోధనలో తేలింది. పొడవువాళ్ల మోకాళ్లు ఇరుక్కుపోతాయి, పొట్టివాళ్ల కాళ్లు నేలకు ఆనక తొడ కింద సీటు అంచు గుచ్చుకుంటుంది. రెండోవాళ్లు పాదాల కింద చిన్న బ్యాగు పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

చేయాల్సింది తేలిక. కూర్చున్నచోటే మడమలు నేలకు ఆనించి మునివేళ్లు పైకి లేపాలి, తర్వాత మునివేళ్లు ఆనించి మడమలు లేపాలి. పిక్క బిగుసుకోవడం చేత్తో పట్టుకుంటే తెలియాలి, అప్పుడే అది సరిగ్గా చేసినట్టు. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి ఇలా ఓ నిమిషం చేసి, రెండు గంటలకోసారి లేచి వెనక దాకా నడిస్తే చాలు. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు సరైన కొలతలో కంప్రెషన్ సాక్స్ (పిక్కల్ని బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు) ఉపయోగపడతాయి. ఆస్ప్రిన్, నిద్రమాత్రల్లాంటివి సొంత వైద్యంగా వేసుకోకూడదు. నిద్రమాత్రతో ఎనిమిది గంటలు మొద్దులా పడి ఉంటే కాళ్లు కదలవు. దిగిన తర్వాతి కొన్ని వారాల్లో ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి, విమానంలో వచ్చానని డాక్టర్‌కు చెప్పాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. కాళ్ల కోసమైతే ఐల్ సీటు మంచిది, నిద్ర కోసమైతే కిటికీ సీటు. తల ఆనించుకోవచ్చు, ఎవరూ లేపరు. రెండూ దొరకవు. రాత్రంతా ఎగిరే విమానంలో నిద్ర బాగా పట్టేవాళ్లు కిటికీ తీసుకుని, మెలకువ వచ్చినప్పుడల్లా మడమల వ్యాయామం చేసుకోవచ్చు. ఎలాగూ నిద్ర పట్టని మనిషి, తరచూ బాత్రూమ్‌కు వెళ్లే మనిషి కిటికీ కోసం ఆశపడితే ఆ రాత్రంతా మొహమాటంతోనే గడుస్తుంది. ఎక్కడ కూర్చున్నా నడుం వెనక ఖాళీని చిన్న దిండుతోనో మడిచిన దుప్పటితోనో నింపండి. ఎకానమీ సీటు వీపు మధ్యలో లోతుగా ఉంటుంది, నడుం అందులోకి కుంగిపోతుంది. మెడనొప్పి చాలావరకు అక్కడినుంచే మొదలవుతుంది.

కుదుపులు, శబ్దాలు, గుండె దడ

విమానం అంటే భయం ఉన్నవాళ్లకు పైన చెప్పినవన్నీ రెండో వరస సమస్యలు. వాళ్ల రాత్రంతా చప్పుళ్లు వినడంలోనే గడిచిపోతుంది. ఆ చప్పుళ్లేమిటో చెబితే కొంత సాయం. నేల వదిలిన కాసేపటికి కింద దడేలుమని మోత వస్తుంది, చక్రాలు లోపలికి ముడుచుకుని తలుపులు మూసుకున్నాయి. రెక్కల దగ్గర కీచుమని మోటారు తిరిగిన శబ్దం వస్తే అది ఫ్లాప్స్, అంటే రెక్కల అంచున ఉండే పలకలు, కదలడం. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది, ఎగిరిన ఒకటి రెండు నిమిషాలకు ఇంజిన్ల హోరు ఒక్కసారిగా తగ్గి, విమానం కిందికి జారుతున్నట్టు కడుపులో తిప్పడం. టేకాఫ్‌కు కావలసినంత శక్తి పైకి ఎక్కడానికి అక్కర్లేదు కాబట్టి పైలట్లు ప్రతిసారీ ఇంజిన్ తగ్గిస్తారు. వేగం పెరగడం నెమ్మదించగానే మన లోపలి చెవి దాన్ని పడిపోవడంగా పొరబడుతుంది. నిజానికి విమానం ఇంకా పైకే వెళ్తోంది.

కుదుపుల విషయానికొస్తే, రెక్కలు పైకీ కిందికీ ఊగడం చూసి హడలిపోనక్కర్లేదు. ఊగేలాగే వాటిని చేశారు. విమానం తన జీవితకాలంలో ఎదుర్కోగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలన్నది నియమం. బోయింగ్ 777 రెక్కను 1995లో పరీక్ష కోసం కావాలని విరిచి చూసినప్పుడు, గరిష్ఠ భారానికి 154 శాతం దగ్గర గానీ అది విరగలేదు.

2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం తీవ్రమైన కుదుపుల్లో చిక్కుకుంది. ఒకరు చనిపోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. దర్యాప్తు ప్రాథమిక నివేదికలో ఒక వివరం నాకు చాలా ముఖ్యమనిపించింది. ఆ ఘోరమైన క్షణాల్లో విమానం కోల్పోయిన ఎత్తు 178 అడుగులు. 37,000 అడుగుల ఎత్తున ఉన్న విమానానికి అది ఏ మూలకూ రాదు. కానీ నాలుగైదు సెకన్లలో అంత దిగి మళ్లీ ఆగేసరికి, బెల్టు పెట్టుకోనివాళ్లు గాల్లోకి లేచి కింద పడ్డారు. విమానానికి తట్టుకునే శక్తి ఉంది, బెల్టు లేని మనిషికే లేదు. కాబట్టి కూర్చున్నంతసేపు, బెల్టు పెట్టుకోమనే లైటు ఆరిపోయినా, నిద్రపోతున్నా, బెల్టు వదులుగానైనా పెట్టుకునే ఉండాలి. దుప్పటి మీదుగా పెట్టుకుంటే సిబ్బంది చూడ్డానికి మిమ్మల్ని లేపరు కూడా. కుదుపులు తక్కువ తెలియాలంటే రెక్కల దగ్గరి వరసల్లో సీటు తీసుకోండి, వెనక వరసల్లో ఊపు ఎక్కువ.

దడ మొదలయ్యాక ఊపిరి వేగం పెరుగుతుంది. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ల చివర్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరిని చూసి ఏదో అయిపోతోందని మరింత భయపడతాం, ఊపిరి ఇంకా వేగం అవుతుంది. ఈ వలయాన్ని తెంచడానికి ఒక్కటే చోటు ఉంది, ఊపిరి వదలడం. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, ఆరో ఎనిమిదో అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. మూడు నాలుగు నిమిషాల్లో గుండె నెమ్మదిస్తుంది. భయంగా ఉందని ఎక్కేటప్పుడే సిబ్బందిలో ఒకరికి చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. వాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. కుదుపుల వేళ ఓ చూపు మన వైపు పడినా ఎంతో ధైర్యంగా ఉంటుంది.

చేతిలో ఉన్నవి

శరీరం సంగతి ఎంత చూసుకున్నా, గంటల తరబడి ఏదీ మన చేతిలో లేని చోట కూర్చోవడం మనసుకు కష్టమే. ఎప్పుడు తినాలో, ఎప్పుడు లైట్లు ఆరతాయో, ఎప్పుడు లేవవచ్చో ఇంకొకరు చెబుతారు. కాబట్టి చేతిలో మిగిలిన చిన్న చిన్న విషయాలను గట్టిగా పట్టుకోవాలి. పళ్లు తోముకోవడం, మొహం కడుక్కోవడం, సాక్స్ మార్చుకోవడం విమానంలో చాలా పెద్ద పనులు. నడిరాత్రి మనసు బాగోనప్పుడు ఈ మూడూ చేసి వచ్చి కూర్చోండి. మందులు, కళ్లజోడు, ఛార్జర్, ఒక జత బట్టలు నెత్తి మీది అరలో కాకుండా ముందు సీటు కింద పెట్టుకుంటే ఎవరినీ లేపకుండా అందుతాయి.

మిగిలిన గంటలు చూపించే తెరను ఆపేయడం మంచిదని నా అభిప్రాయం. ఖాళీగా చూసే గడియారం నత్తలా నడుస్తుంది. పద్నాలుగు గంటల్ని పనులుగా విడగొట్టుకుంటే వేరు. ఈ సినిమా, ఆ తర్వాత నడక, ఆ తర్వాత నిద్ర, లేచాక ఆ పుస్తకంలో రెండు అధ్యాయాలు అనుకోవాలి. మరీ బరువైన సినిమాలు నిద్రలేని వేళకు పెట్టుకోవద్దు. అలసిన మనసు వాటికి మామూలుకంటే ఎక్కువ చలిస్తుంది.

పసిపిల్లల ఏడుపు చాలామంది సహనాన్ని పరీక్షిస్తుంది. దిగేటప్పుడు ఆ ఏడుపు ఎక్కువవడానికి చెవులే కారణం. బయటి ఒత్తిడి పెరుగుతుంటే, చెవికీ గొంతుకూ మధ్య ఉన్న సన్నని గొట్టం తెరుచుకుని లోపలి ఒత్తిడిని సమం చేయాలి. మనం మింగుతాం, ఆవలిస్తాం, ముక్కు మూసుకుని మెల్లగా ఊదుతాం. పసివాళ్లకు అది తెలియదు, నొప్పి మాత్రం తెలుస్తుంది. పాలు పట్టినా, నోట్లో పీక పెట్టినా చప్పరించి మింగుతారు కాబట్టి తగ్గుతుంది. పెద్దవాళ్లు కూడా దిగడం మొదలయ్యే వేళకు నిద్ర లేచి ఉండటం మేలు. నిద్రలో మింగడం తక్కువ, లేచేసరికి చెవి దిబ్బడ వేసి ఉంటుంది. జలుబు బాగా ఉంటే దిగడానికి అరగంట ముందు ముక్కులో కొట్టుకునే డీకంజెస్టెంట్ స్ప్రే సాయపడుతుంది.

ఒంట్లో గడియారం

జెట్‌లాగ్‌ను ప్రయాణపు అలసటగా అనుకుంటారు గానీ రెండూ వేరు. ఉత్తరం నుంచి దక్షిణానికి పది గంటలు ఎగిరినా అలసిపోతాం, ఒక రాత్రి నిద్రతో సర్దుకుంటాం. తూర్పుకో పడమరకో ఎగిరి టైమ్ జోన్లు దాటితేనే జెట్‌లాగ్. మెదడులో కంటి నరాలు కలిసేచోటికి కాస్త పైన ఉన్న చిన్న నాడీకణాల గుంపు నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్ల వేళల్ని నడిపిస్తుంది. ఈ గడియారం కణాల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కొత్త ఊరి వేళకు ఇది రోజుకు సుమారు ఒక గంట చొప్పున జరుగుతుంది. చాలామందిలో దాని సహజమైన చుట్టు 24 గంటలకంటే కొద్దిగా ఎక్కువ. అంటే దాన్ని ఆలస్యం చేయడం తేలిక, ముందుకు జరపడం కష్టం. పడమరకు వెళ్తే రోజు పొడవవుతుంది కాబట్టి తేలిగ్గా సర్దుకుంటాం, తూర్పుకు వెళ్తే ఇబ్బంది పడతాం.

ఆ గడియారాన్ని కదిలించే అసలు మీట వెలుతురు. మనం మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అన్నిటికంటే తక్కువకు చేరుతుంది. ఆ క్షణానికి ముందు వెలుతురు పడితే గడియారం వెనక్కి జరుగుతుంది, తర్వాత పడితే ముందుకు జరుగుతుంది. దిగగానే పొద్దుటి ఎండలో నిలబడాలని అందరూ చెప్పే సలహా కొన్నిసార్లు ఎందుకు బెడిసికొడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. తూర్పుకు ఎనిమిది గంటల తేడా ఉన్న ఊరికి వెళ్లారనుకోండి. అక్కడ పొద్దున ఏడు అయితే మీ ఒంట్లో ఇంకా రాత్రి పదకొండు. అప్పుడు ఎండ పడితే గడియారం ముందుకు రావాల్సింది పోయి ఇంకా వెనక్కి పోతుంది. మొదటి రోజు మధ్యాహ్నం దాకా చలవ కళ్లజోడు పెట్టుకునో గదిలోనో ఉండి, ఆ తర్వాత బయట తిరగాలి. రోజు రోజుకూ ఆ వేళను కాస్త ముందుకు తెచ్చుకుంటూ పోవాలి. పడమరకు అంతే దూరం వెళితే లెక్క సులువు. సాయంత్రం వెలుతురులో వీలైనంతసేపు ఉండి, రాత్రి అయ్యేదాకా నిద్ర ఆపుకోవాలి.

విమానంలో భోజనాలు, లైట్లు చాలాసార్లు ఈ లెక్కతో సంబంధం లేకుండా నడుస్తాయి. ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటాస్ 2019లో న్యూయార్క్ నుంచి సిడ్నీకి ఆగకుండా 19 గంటల 16 నిమిషాల ప్రయోగాత్మక ప్రయాణం నడిపినప్పుడు దీన్ని మార్చి చూసింది. రాత్రి బయల్దేరిన విమానంలో మామూలుగా భోజనం పెట్టి లైట్లు ఆర్పేస్తారు. వాళ్లు లైట్లు వెలిగించే ఉంచి, మెలకువగా ఉంచే కారమైన తిండి పెట్టి, ప్రయాణికులతో వ్యాయామం చేయించారు. సిడ్నీలో రాత్రి అయ్యే వేళకు గానీ వెలుతురు తగ్గించలేదు. మనం కూర్చున్న విమానంలో లైట్లు మన చేతిలో ఉండకపోయినా కళ్లగంత, నెత్తి మీది దీపం మన చేతిలోనివే. ఎక్కగానే చేతి గడియారాన్ని చేరబోయే ఊరి టైముకు మార్చండి. అక్కడ రాత్రి అయినప్పుడే పడుకోవడానికి ప్రయత్నించండి. కాఫీ, టీ ఆ రాత్రికి ఆరేడు గంటల ముందే ఆపేయండి, ఎందుకంటే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. నిద్ర పట్టకపోయినా కళ్లగంత కట్టుకుని కళ్లు మూసుకుని పడుకోవడం వృథా కాదు. నిద్ర రావడం లేదని పట్టించుకుని కూర్చుంటేనే అసలు చెరుపు.

చేరిన ఊళ్లో నిద్రవేళకు మెలటోనిన్ (రాత్రి అయిందని ఒంటికి తెలిపే హార్మోన్) మాత్ర కొద్ది మోతాదులో, అర మిల్లీగ్రాము నుంచి అయిదు దాకా, చాలామందికి సాయపడుతుంది. కొన్ని దేశాల్లో దాన్ని డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. వేరే మందులు వాడుతున్నవాళ్లు అడిగే వేసుకోవాలి. రెండు మూడు రోజుల్లో తిరిగి వచ్చేసే పని మీద వెళ్తే గడియారం మార్చే ప్రయత్నమే మానేయండి. అది సర్దుకునేలోపే తిరుగు ప్రయాణం వస్తుంది కాబట్టి, ముఖ్యమైన సమావేశాలను మీ ఇంటి టైము ప్రకారం మెలకువగా ఉండే వేళల్లో పెట్టించుకుంటే చాలు. ఎక్కువ రోజులు ఉండేవాళ్లు మొదటి రోజు పగటినిద్ర మరీ ఆపుకోలేకపోతే అరగంటకు అలారం పెట్టుకుని పడుకోండి. దిగీ దిగగానే కారు నడపడం మాత్రం పెట్టుకోవద్దు. ఎవరినైనా రమ్మనండి, లేదా టాక్సీ తీసుకోండి.